మన వీధికి వచ్చిన వలస బిడ్డలు

తిరుపతి నుండి ఒక సోదరి వ్రాసిన జాబు మాకు అందినది. వారి యింటి కెదురుగా నాలుగంతస్తుల మేడ యొకటి లేచుచున్నదట. ఆ పనికై ఒడిశా నుండి వచ్చిన దంపతులు ఇసుక కుప్ప ప్రక్కన రేకుల గుడిసెలో కాపురముండి నాలుగు మాసములైనది. వారికి ఏడేండ్ల ఆడుపిల్ల, పదునాలుగు మాసముల మగబిడ్డ. తల్లి సిమెంటు తట్ట మోయునంతసేపును ఆడుపిల్ల తమ్ముని చంకనెత్తుకొని పిట్టగోడ లేని మెట్లపైననే తిరుగుచుండును. బడి లేదు. మగబిడ్డ చిక్కి శల్యమై యున్నాడు. అదే పనిలోనున్న మరియొక యిల్లాలు ఐదవ మాసము గర్భిణి, తొలిచూలు.

సోదరి జాలిపడి ఒక ఉదయమున బిడ్డతల్లిని వెంటబెట్టుకొని దాపుననున్న అంగన్‌వాడీకి పోయినది. "వీళ్ల పేరు మా దాంట్లో లేదు గదమ్మా. ఆధారు ఒడిశాది. ఆడనే తీసుకోవాల" అని అచ్చటివారు చెప్పిరట. ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట అత్తగారు, "మన బిడ్డలకే చాలడం లేదు, ఊరూరివాళ్లకు యాడనుంచి తెచ్చేది?" అనిరట. ఈ రెండు మాటలును నిజమేనా, వలస వచ్చిన కుటుంబములకు మన సర్కారు సాయములో పాలు కలదా లేదా యని సోదరి మమ్మడిగినది.

ఇట్టి గుడిసెలు తిరుపతిలోనే కాదు, చిత్తూరు దారిలోని ఇటుక బట్టీల కడను, సత్యవేడు ప్రక్కనున్న శ్రీసిటీ కర్మాగారముల చుట్టును కలవు. కనుక సోదరికి విడిగా ప్రత్యుత్తరము వ్రాయక ఇచ్చటనే వ్రాయుచున్నాము.

బిడ్డల కొఱకు ప్రభుత్వమిచ్చు సాయము రెండు తీరులుగా నున్నది. తిండి, బడి, టీకా అనునవి బిడ్డ యే చోటనున్న ఆ చోటనే ఈయవలసినవి. వీని విషయమున నీవే రాష్ట్రపుదానవని అడుగుటకు ఎవ్వరికిని అధికారము లేదు. తల్లి బ్యాంకు ఖాతాలో పడు రొక్కము మాత్రము చాలవరకు రాష్ట్రమునకు, కార్డునకు ముడివడి యున్నది. అంగన్‌వాడీవారి మాట మొదటి తీరు సాయమునకు చెల్లదు. అత్తగారి మాట రెండవ తీరు సాయమునకు కొంత చెల్లును.

తిండి మాట ముందు చెప్పుదము. ఆ మగబిడ్డకు తక్కినవన్నియు తరువాతివి. 2013వ సంవత్సరపు జాతీయ ఆహార భద్రతా చట్టము ప్రకారము ఆరు మాసములు మొదలు ఆరేండ్ల వరకు గల ప్రతి బిడ్డకును, గర్భిణికిని, కాన్పైన ఆరు మాసముల వరకు బాలింతకును స్థానికముగా నున్న అంగన్‌వాడీ ద్వారా వెల లేకుండ ఆహారమీయవలయును. "స్థానికము" అను మాటను సోదరీమణులు గుర్తుంచుకొనవలయును. అది తల్లి పుట్టిన యూరు కాదు, ఇప్పుడు కుండ పెట్టి వండుకొను చోటు. రేషను కార్డుండిననే పెట్టుమని ఆ చట్టములో లేదు.

అంగన్‌వాడీ పథకము 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన దేశములో ముప్పదిమూడు బ్లాకులలో మాత్రమే మొదలైనది. అప్పుడది కొందరికి లభించిన అనుగ్రహము. అది హక్కుగా మారుటకు సుప్రీంకోర్టు పూనుకొనవలసి వచ్చినది. ఆరేండ్లలోపు బిడ్డలందరికిని, గర్భిణులకును, బాలింతలకును ఈ సేవ అందవలెనని 2001 నవంబరులో ఆ కోర్టు ఆజ్ఞాపించెను. 2006 డిసెంబరు 13వ తేదీన మరియొక మెట్టు పైకి పోయి, నలుబదిమంది బిడ్డలున్న వాడవారు కేంద్రము కావలెనని కోరినచో మూడు మాసములలో తెఱువవలెనని చెప్పెను. పెద్ద ఇటుక బట్టీల కడ నలుబదిమంది బిడ్డలు చేరుట వింత కాదు గనుక ఈ సంగతి అచ్చటి సోదరీమణులకు పనికివచ్చును. ఇక ఆధారు మాట. 2018 సెప్టెంబరు 26వ తేదీ తీర్పులో, ఆధారు సంఖ్య చూపలేనంత మాత్రమున ఏ బిడ్డకును పథకములోని మేలు నిరాకరింపరాదని అదే కోర్టు స్పష్టముగా చెప్పినది. ఆధారు ఒడిశాదని చెప్పి పంపివేయుట అంతకంటెను తప్పు. ఆధారునకు రాష్ట్రము లేదు, అది దేశమంతటికి నొక్కటే.

అయినను అంగన్‌వాడీ ఉపాధ్యాయినిని మేము నిందింపజాలము. ఆమెకు సరకు వచ్చునది ఫోనులో నమోదైన పేర్ల లెక్కను బట్టియే. పేరు లేని బిడ్డకు గుడ్డిచ్చినచో ఆ గుడ్డు మరియొక బిడ్డ వంతులోనుండి తీయవలసివచ్చును. దీనికి విరుగుడు ఆమె చేతిలోని ఫోనులోనే కలదు. 2021 నుండి దేశమంతట వాడుచున్న పోషణ్ ట్రాకరు అను లెక్కలో ఒక కేంద్రమునుండి మరియొక కేంద్రమునకు, ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు బిడ్డ పేరును మార్చుకొను వీలు ఏర్పరచినారు. ఒడిశాలోని పాతపేరు అచ్చటనే యుండిపోయినచో క్రొత్తపేరు ఎక్కదు. కావున తల్లిని ముందుగా అడుగవలసిన ప్రశ్న, "నీ ఊరిలో అంగన్‌వాడీలో పేరుండెనా?" అని. ఉండినచో మార్పింపుమని అడుగవలయును. లేకున్నచో క్రొత్తగా వ్రాసికొమ్మని అడుగవలయును. ఊరక "పేరు వ్రాయుము" అనిన పని జరుగక పోవచ్చును.

ఇంకొక చిక్కు 2025 జూలై 1వ తేదీనుండి వచ్చినది. ఇంటికి తీసికొనిపోవు సరకు, అనగా మన రాష్ట్రమున మూడేండ్లలోపు బిడ్డలకిచ్చు బాలామృతపు పొట్లము వంటివి, పుచ్చుకొనునపుడు తల్లి ముఖమును ఫోనుతో ఫోటో తీసి ఆధారులోని ముఖముతో సరిచూచుట నిర్బంధము చేసినారు. మొదటి తడవ దీనికై ఫోనునకు ఒక సంకేత సంఖ్య వచ్చును. ఆ ఫోను ఎవరి కడనుండును? భర్త కడ. భర్త యెక్కడనుండును? మూడవ అంతస్తులో సెంట్రింగు పలకలు కొట్టుచుండును. తల్లి కేంద్రమునకు పోయి వట్టిచేతులతో వచ్చుటకు సగము కారణమిదియే యని మేము విన్నాము. పోవునాడు ఆ ఫోనును వెంట తీసికొనిపోవలయును. మూడేండ్లు నిండిన బిడ్డలు కేంద్రముననే కూర్చుండి తిను వేడి భోజనమునకు ఈ ముఖపరీక్ష లేదు.

ఆడుపిల్ల బడి విషయమున చట్టము మరింత దయతో నున్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనున్నది, వలస కుటుంబముల బిడ్డలను బడిలో చేర్చునట్లు చూచుట స్థానిక సంస్థ విధియని తొమ్మిదవ సెక్షనులో పేరు పెట్టి చెప్పినది. తిరుపతిలో ఆ సంస్థ నగరపాలక సంస్థయే. ఏడేండ్ల పిల్లను ఆ యీడునకు తగిన తరగతిలోనే చేర్చుకొనవలయును; అక్షరములు రావని పసిపిల్లల నడుమ కూర్చుండబెట్టరాదు. టీ.సీ. లేదని, జన్మపత్రము లేదని, చేరిక గడువు దాటినదని త్రిప్పి పంపరాదు. జూన్ మాసము దాటినచో బడి తలుపులు మూసికొనిపోవునని మనలో చాలమంది భ్రమించుచుందురు, అట్లు కాదు.

బడిలో చేరిన దినముననే మధ్యాహ్న భోజనము మొదలగును. ఆ భోజనమునకు 2024లో మన ప్రభుత్వము డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. ఆమె గోదావరి లంకలలో అర్ధరాత్రి వచ్చిన బాటసారికిని అన్నము పెట్టిన యిల్లాలు, 1909లో దివంగతురాలైనది. వచ్చినవానిని ఊరు, కులము అడిగి వడ్డించిన తల్లి కాదు. ఆమె పేరు వ్రాసిన పళ్లెము ముందర ఒక బిడ్డను రాష్ట్రమడిగి లేపివేయుట యెంత యసంగతమో మేము వేరుగ చెప్పనక్కరలేదు. పుస్తకములు, సంచి, బట్టలు మొదలగు సామాను కూడ ప్రభుత్వ పాఠశాలలో చదువు బిడ్డలకు ఉచితముగా నిచ్చుచున్నారు. నడుమ చేరిన బిడ్డకు ఆ వస్తువులు వెంటనే దొరకుట అరుదు. పై సంవత్సరమునకు కురచైపోయిన మీ బిడ్డల గౌను ఆ కొఱత తీర్చగలదు.

భాష యొక్కటే నిజమైన అడ్డంకి. సరిహద్దు మండలములలో తమిళ మాధ్యమపు పాఠశాలలున్నవి గాని ఒరియా చెప్పు పంతులమ్మ తిరుపతిలో యెచ్చట దొరకును? అయినను ఏడేండ్ల పిల్ల వీధిలో ఆడుకొనుచు మూడు మాసములలో తెలుగు పట్టివేయును. మనకే ఆలస్యమగును.

గర్భిణిగా నున్న రెండవ యిల్లాలికి రొక్కపు సాయము కూడ కలదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కేంద్ర ప్రభుత్వపుది గనుక తెలుగువారా, ఒరియావారా యని అడుగదు. తొలికాన్పునకు 5,000 రూపాయలు రెండు వాయిదాలుగా నిత్తురు: పేరు నమోదు చేసికొని గర్భిణి పరీక్ష చేయించుకొనిన పిమ్మట 3,000, బిడ్డ పుట్టుక నమోదై మొదటి వరుస టీకాలు ముగిసిన తరువాత 2,000. రెండవ కాన్పులో ఆడుబిడ్డ పుట్టినచో 6,000. ఈ రెండవ నియమము 2022 ఏప్రిల్ నుండి వచ్చినది. ఆడుబిడ్డను ఆదరించుటకై పెట్టినారు, మంచిదే. కాని రెండవసారి మగబిడ్డను కన్న కూలి తల్లికి నడుము నొప్పి తక్కువగా నుండునా? ఆహార భద్రతా చట్టము ప్రతి గర్భిణికిని 6,000 రూపాయలకు తక్కువ కాకుండ ఈయవలెననగా, పథకము దానిని ఇన్ని మెలికలతో కుదించుట మాకు రుచింపలేదు. అర్హత చూపుటకు రేషను కార్డే కాక ఈశ్రమ్ కార్డు కూడ చెల్లును. 2021 ఆగస్టులో మొదలైన ఈ కార్డును అసంఘటిత కార్మికులు దేశములో ఎచ్చటనుండియైనను పొందవచ్చును.

ఆమె కాన్పు తిరుపతిలోనే యైనచో జననపత్రము తిరుపతిలోనే పుచ్చుకొనవలయును. పుట్టుక ఎచ్చట జరిగెనో అచ్చటనే నమోదగును. ఒడిశాకు పోయి వ్రాయించుకొందమనిన కుదరదు. ఇరువదియొక్క దినములలోపల రుసుము లేదు. పేరు నిశ్చయింపలేదని నిలుచుట అనవసరము. పేరు లేకుండ నమోదు చేయించి తరువాత చేర్పించవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీ తరువాత పుట్టిన బిడ్డలకు జన్మతేదీ నిరూపణకు ఈ పత్రమే ఆధారమని చట్టము మార్చినారు. పని ముగిసి మేస్త్రీ మరియొక యూరికి తరలించులోపల ఈ కాగితము చేత పడనిచో ఆ బిడ్డ వెంట ఆ లోటు పదునెనిమిదేండ్లు నడచును. టీకాలు సరేసరి, ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రముననైనను ఉచితమే. తల్లీబిడ్డల రక్షణ కార్డును మాత్రము మూటలో భద్రపరచుకొమ్మని చెప్పుడు. అది పోయినచో వేసిన సూదియే మరల వేయుదురు.

ఇక అత్తగారి మాటకు బలమున్న చోటికి వచ్చితిమి. 2020 జనవరి 9వ తేదీన నాటి ముఖ్యమంత్రి అమ్మ ఒడి పథకమును ప్రారంభించినది మన చిత్తూరు పట్టణములోనే. అది తల్లికి 15,000 రూపాయల చొప్పున నుండెను. 2025 జూన్ 12వ తేదీన నేటి ప్రభుత్వము ప్రారంభించిన తల్లికి వందనము బిడ్డ కింతయని లెక్కించుచున్నది. 15,000లో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు. 2025లో వెలువడిన నియమముల ప్రకారము కుటుంబము మన రాష్ట్రవాసియై, బియ్యపు కార్డు కలిగి, సచివాలయపు కుటుంబ పట్టికలో నమోదై, బిడ్డ హాజరు నూటికి 75 వంతులుండి, తల్లి ఖాతా ఆధారుతో ముడివడి యుండవలయును. ఒడిశా దంపతులకు హాజరు దక్క తక్కినవి లేవు. కనుక ఆ పిల్ల మన బిడ్డల ప్రక్కనే కూర్చుండి, అదే అన్నము తిని, అదే పాఠము చదివినను, రొక్కము పడు దినమున ఆమె తల్లి ఫోను మ్రోగదు.

అట్లైనచో ఒడిశా కార్డును రద్దు చేయించి ఇచ్చట క్రొత్త కార్డు తీసికొనుమని సలహా ఈయవచ్చునా? తొందరపడవద్దని మా యభిప్రాయము. ఒక మనిషి పేరు రెండు రాష్ట్రముల కార్డులలో నుండరాదు. అచ్చట తీసివేసి ఇచ్చట ఎక్కించులోపల రెండింటికి చెడుట జరుగుచున్నది. మేడ పూర్తియై వారు ఆరు మాసములలో పోవువారైనచో పాత కార్డే మేలు. దేశమంతటికి నొక్కటే రేషను అను ఏర్పాటున ఒడిశా కార్డులోని తమ వంతు బియ్యమును మన చౌకధరల దుకాణమున వ్రేలిముద్ర వేసి పుచ్చుకొనవచ్చును. ఈ ఏర్పాటును 2019 ఆగస్టులో మొదట ప్రయోగించిన జంటలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. 2022 నాటికి అన్ని రాష్ట్రములు చేరినవి. ఇంటిలో కొందరు ఒడిశాలో నుండినచో వారివంతు అచ్చట, వీరివంతు ఇచ్చట తీసికొనవచ్చును. శ్రీసిటీలో నిలకడయైన ఉద్యోగము దొరికి, ఇల్లు బాడుగకు పుచ్చుకొని, బిడ్డను ఇచ్చటనే చదివింపదలచిన కుటుంబము సంగతి వేరు. వారు కార్డు మార్చుకొనుటయే లాభము.

అత్తగారికి మేము గౌరవముతో ఒక మాట మనవి చేయుదుము. మన జిల్లాకు సరిహద్దు ఎన్నడు నిలకడగానుండెను? 1911లో ఉత్తర ఆర్కాటునుండి కొన్ని తాలూకాలు, కడపనుండి కొన్ని కలిపి చిత్తూరు జిల్లాను చేసినారు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాలో చాలభాగము మదరాసు రాష్ట్రములోనికి పోయినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి వేరు జిల్లాయైనది. అత్తగారి చుట్టములలోనే గీతకు ఆవల పడినవారుండవచ్చును. కుప్పమునుండి బెంగుళూరునకు, నగరినుండి చెన్నపట్టణమునకు కూలికి పోయిన మన యాడువారు అచ్చటి అంగన్‌వాడీ గడపలో ఈ మాటనే వినుచున్నారు, కన్నడమునను, అరవమునను.

చదువుకొన్న యిండ్లలోని మన కూతుళ్లు, కోడండ్రు విదేశములలో ఎదుర్కొనునదియు నిదియే. కెనడాలో బిడ్డల భత్యము గొప్పది. 2025 జూలైనుండి 2026 జూన్ వరకు ఆరేండ్లలోపు బిడ్డకు సంవత్సరమునకు 7,997 డాలర్ల వరకు, ఆదాయమును బట్టి యిత్తురు. శాశ్వత నివాసము పొంది దిగిన కుటుంబమునకు వెంటనే అర్హత కలుగును. చదువు వీసాపైనో, పని వీసాపైనో పోయినవారు పదునెనిమిది మాసములు ఎడతెగక అచ్చట నివసించి, పందొమ్మిదవ మాసమున చెల్లు అనుమతిపత్రము కలిగియుండవలయును. బ్రిటనులో పని వీసాపై నున్న చాలమందికి ప్రభుత్వ నిధులను ముట్టరాదను షరతుండును. బిడ్డల భత్యము ఆ నిధులలోనిదే. తెలియక దరఖాస్తు పెట్టినచో వీసాకే ముప్పు. "అందరును తీసికొనుచున్నారట, నీవును పెట్టుము" అని ఇచ్చటినుండి ఫోనులో సలహాలిచ్చు తల్లులు ఈ సంగతి గ్రహింపవలయును. ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసము వచ్చినను, 2019నుండి, కుటుంబ భత్యములో ముఖ్యభాగమునకు ఏబదిరెండు వారములు కాచుకొనవలయును.

అమెరికా సంగతి మరియు విచిత్రము. తిరుపతిలో పుట్టి తల్లిదండ్రుల వెంట పోయిన పెద్దబిడ్డకు సోషల్ సెక్యూరిటీ సంఖ్య దొరకదు. డల్లాసులో పుట్టిన చిన్నబిడ్డకు దొరకును. 2025నుండి ఒక్కొక్క బిడ్డకు పన్నులో తగ్గించు 2,200 డాలర్ల వరకు మొత్తము చిన్నవానికే చెల్లును. పెద్దవానికి 500 డాలర్ల తగ్గింపు మాత్రమే. ఒకే కంచములో తిను అన్నదమ్ములు! అయినను బడి విషయమున తేడా లేదు. వీసా పత్రములు లేని బిడ్డనైనను ప్రభుత్వ పాఠశాలనుండి త్రోయరాదని ఆ దేశపు సుప్రీంకోర్టు 1982లోనే తీర్పు చెప్పినది. బడి అందరికి, రొక్కము కొందరికి అను ఏర్పాటు డల్లాసులో ఎట్లో తిరుపతిలోను అట్లే యున్నది. సముద్రమునకు ఆవల మన మనుమనికి జరిగినపుడు అన్యాయమనిపించునది ఎదురింటి గుడిసెలో జరిగినపుడు న్యాయమనిపించుట మానవ సహజము. మాకును అనిపించినది, దాచనేల?

సోదరి చేయవలసిన పని యిది. తల్లిదండ్రుల ఆధారు, ఆధారుతో ముడిపడిన ఫోను, టీకాల కార్డు ఉన్నచో అది, వీనితో తల్లినీ బిడ్డనూ తీసికొని ఉదయముననే అంగన్‌వాడీకి మరల పోవలయును. కాదన్నచో కారణమును కాగితముపై వ్రాసి ఈయుమని వినయముగా అడుగవలయును. ఈ కోరికతోనే చాల కాదనుటలు ఔననుటలగును. అప్పటికిని కానిచో ఆ కేంద్రములపై పర్యవేక్షకురాలు కలదు, ఆమెపై ప్రాజెక్టు అధికారిణి కలదు. బడికి మాత్రము ఏ కాగితమును లేకున్నను పోవచ్చును.

ఇంతవరకు వ్రాసి ముద్రణకు పంపుచుండగా సోదరినుండి రెండవ జాబు వచ్చినది. మా ప్రత్యుత్తరమునకై ఆమె కాచుకొనలేదు. ఆడుపిల్లను తానే పురపాలక పాఠశాలకు తీసికొనిపోయి రెండవ తరగతిలో చేర్చినదట. పంతులమ్మ పేరడిగినదే గాని ఊరడుగలేదు. మొదటి దినమున పిల్ల అన్నములో సగము ఆకులో పొట్లము కట్టి తమ్మునికై తెచ్చినదట. బాలామృతము ఇంకను రాలేదు. ఫోను మేడమీదనే యున్నది. సోమవారమునాడు మేస్త్రీని అడిగి తండ్రికి అరపూట సెలవిప్పించెదనని అత్తగారు మాట యిచ్చినారని వ్రాసినది.